గోల్ఫ్ గ్రౌండుకి దమ్ము చేసిన మనిషి

మా పక్కింటి బాబాయిగారు ఈ నెల మొదటి మంగళవారం ఉదయం పోయారు. ఆరున్నరకి పిన్నిగారు పిట్టగోడ దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, స్టవ్ ఆపేసి ఒకసారి రా" అన్నారు. స్టవ్ ఆపేసి రమ్మన్నారంటే తిరిగి రావడానికి ఆలస్యమవుతుందని అర్థమైంది. నేను వెళ్లేసరికి ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. పక్కన స్టూలు మీద సగం తాగిన కాఫీ. డాక్టరుగారు వచ్చి చూసి గుండె ఆగిందన్నారు. ఆయనకి డెబ్భై ఆరేళ్లు. వాళ్లమ్మాయి కొవ్వూరులో ఉంటుంది, గంటలో వచ్చేసింది. సాయంత్రానికి అంతా అయిపోయింది.

ఆయన నాకు చుట్టం కాదు. ఇరవై రెండేళ్ల క్రితం మేం ఈ ఇంట్లో దిగిన రోజున పాలు పొంగించడానికి గిన్నె కనబడకపోతే పిన్నిగారు వాళ్ల గిన్నె ఇచ్చారు. అప్పటి నుంచి ఆవిడ పిన్నిగారు, ఆయన బాబాయిగారు. ఉద్యోగం కాగితాల మీద ఆయన గోల్ఫ్ క్లబ్బులో హెడ్ మాలి. క్లబ్బు వాళ్లు మేస్త్రీ అనేవారు.

మా రాజమండ్రిలో గోల్ఫ్ గ్రౌండు ఒకటి ఉందని ఊళ్లో సగం మందికి తెలీదు. ఊరి చివర, గోదావరి గట్టుకి అవతల, నదివైపు ఉంటుంది. సర్కారు నేల, క్లబ్బు వాళ్లకి లీజుకిచ్చింది. తొమ్మిది గుంటలు, ఒక్కో గుంట చుట్టూ తివాచీలాంటి గడ్డి. ఆ గడ్డిని గ్రీను అంటారట. ఆ తొమ్మిది గ్రీన్లనీ బాబాయిగారు నలభై ఏళ్లు పెంచారు. ఆడడం మాత్రం ఆయనకి రాదు. "బంతి ఎటు పోతుందో నాకెందుకమ్మాయ్, నీరు ఎటు పోతుందో చూసుకుంటే చాలు" అనేవారు.

ఆయన చొక్కా జేబులో పెన్నుండే చోట సైకిల్ చక్రం పుల్ల ఒకటి ఉండేది. దాన్ని నేలలోకి గుచ్చి, పైకి తీసి, వేళ్ల మధ్య రాసి చూసి, నీళ్లు పెట్టాలో అక్కర్లేదో చెప్పేవారు. మా ఇంటికి వచ్చినా ముందు కుండీల్లో గుచ్చేవారు. నేను పద్ధతిగా రోజూ ఉదయం ప్రతి కుండీకీ ఒక మగ్గు పోసేదాన్ని. ఆయన పుల్ల తీసి చూపించి, "నువ్వు దాహం చూసి పొయ్యట్లేదమ్మాయ్, టైము చూసి పోస్తున్నావు" అన్నారు. మల్లె మొక్క అప్పటికే కుళ్లిపోయింది. అప్పటి నుంచి నేను కూడా వేలు పెట్టి చూశాకే పోస్తున్నాను.

వినాయక చవితికి మా వీధి అందరికీ గరిక ఆయనే తెచ్చేవారు. గోల్ఫ్ గ్రౌండు గడ్డికి ఏదో ఇంగ్లీషు పేరుంది. ఆయన దాన్ని లెక్కచేసేవారు కాదు. "ఏం లేదు, మన గరికే. సూటు వేసుకుందంతే" అనేవారు. ఎవరైనా గ్రీను మీద నుంచి కోశారా అని అడిగితే మాత్రం కోపం వచ్చేది. "గ్రీను మీద నుంచి కోస్తానా? అంచుల నుంచి కోశాను. దేవుడైతే మాత్రం, ఆయన ఆడతాడా ఏంటి!"

ఇవన్నీ చెప్పుకుంటూ పోవచ్చు. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేరే ఉంది. అది ఊళ్లో చాలామంది విన్నారు కానీ ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తాను.

రెండేళ్ల క్రితం వరదకి గోల్ఫ్ గ్రౌండు ఐదు రోజులు నీళ్లలో ఉంది. నీరు తీశాక గ్రౌండంతా చెయ్యి మందాన ఒండ్రు పేరుకుంది. కొన్నిచోట్ల మోకాలెత్తు దిబ్బలు, కొన్నిచోట్ల గోతులు. క్లబ్బు కమిటీ వాళ్లు చలికాలంలో పోటీలు పెట్టుకున్నారు, తొందరగా చదును చెయ్యమన్నారు. బాబాయిగారు మూడు ట్రాక్టర్లు పిలిపించారు. నేల ఇంకా తడిగానే ఉంది. ట్రాక్టర్లకి ఇనప చక్రాలు కట్టించి మూడు రోజులు దమ్ము చేయించారు.

దమ్ము తెలియని వాళ్ల కోసం ఒక మాట. వరి నాట్లు వేసేముందు పొలంలో నీరు పెట్టి, ఇనప చక్రాలతో మట్టిని పాయసంలా అయ్యేదాకా తిప్పుతారు. తర్వాత చదును చేస్తే నేల పళ్లెంలా వస్తుంది. ఆ మట్టి కిందికి దిగి గట్టి పొరలా కూర్చుంటుంది, నీరు ఇక ఇంకదు. వరికి కావలసింది అదే.

ఆ మూడు రోజులూ ట్రాక్టరు వాళ్లకి టిఫిను మా ఇంటి నుంచే వెళ్లింది, పిన్నిగారికి అప్పుడు జ్వరం. చివరి రోజు సాయంత్రం నేనూ మావారూ చూడడానికి వెళ్లాం. గట్టు మీద నిలబడి చూస్తే అద్దంలా ఉంది. "ఎంత బాగా చదునైందండీ!" అన్నాను. మావారూ అదే అన్నారు. కమిటీ వాళ్లూ అదే అన్నారు, చప్పట్లు కూడా కొట్టారు. మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మేమందరం వరి పొలాల మధ్య పుట్టినవాళ్లమే. చదునైన నేల కనబడితే మాకు కడుపు నిండినట్టుంటుంది.

మరుసటి ఏడాది వానలకి గ్రౌండులో నీరు నిలిచింది. వారం గడిచినా దిగలేదు. గడ్డి పసుపు రంగుకి తిరిగి కుళ్లింది. కడియం నుంచి కొత్త గడ్డి తెచ్చి వేశారు, అదీ కుళ్లింది. వరద నేలని పాడుచేసిందని అందరూ అన్నారు. ఆడేవాళ్లు మానేశారు. క్లబ్బు వాళ్లు లీజు వదిలేసుకున్నారు. బాబాయిగారు ఇంట్లో కూర్చున్నారు. సైకిల్ పుల్ల జేబులోనే ఉండేది కానీ మా కుండీల వైపు కూడా వచ్చేవారు కాదు. వరద దిగులనుకున్నాం.

ఈ ఏడాది వేసవిలో కార్పొరేషన్ వాళ్లు ఆ గ్రౌండుని తీసుకుని బాగుచేద్దామా అని ఆలోచన మొదలుపెట్టారు. సగం ఆటకి, సగం జనం నడవడానికి. మా వీధి ఆడవాళ్లం చాలా సంతోషించాం. ఇప్పుడు మేం నడిచేది బస్సుల పక్కన. కానీ ఇంజనీరు మేడమ్ వచ్చి నేల చూసి, ఇది నీరు ఇంకని నేల, ఎంత బాగుచేసినా మళ్లీ గడ్డి కుళ్లుతుంది అని అభిప్రాయం రాశారట. అలాగైతే మట్టి తోలించి లారీ స్టాండు చేస్తే మంచిదని ఇంకో ప్రతిపాదన వచ్చింది. జనం మాట కూడా వింటామని కార్పొరేషన్ హాల్లో సమావేశం పెట్టారు.

ఆ సమావేశానికి రెండు రోజుల ముందు బాబాయిగారు మా ఇంటికి వచ్చారు.

"అమ్మాయ్, నీ పాత క్యాలెండర్లు ఉన్నాయా?"

నాకో అలవాటు ఉంది. గోడ క్యాలెండర్లో ప్రతి రోజు గడిలో ఆ రోజు సంగతి రాస్తాను. గ్యాస్ ఎప్పుడు వచ్చింది, ఎవరు భోజనానికి వచ్చారు, కుళాయి ఎప్పుడు రాలేదు, ఇలాంటివి. ఏడాది అయ్యాక చుట్టి అటక మీద పెడతాను. మావారు నవ్వుతారు. ఆ రోజు అటక మీద నుంచి వరద ఏడాది క్యాలెండరు దింపాను. వరుసగా మూడు గడుల్లో ఒకటే మాట ఉంది: "గ్రౌండులో దమ్ము. టిఫిను ఆరుగురికి."

బాబాయిగారు కళ్లజోడు పెట్టుకుని ఆ గడుల మీద వేలు పెట్టి చదివారు. "దమ్ము అని రాశావు. చదును అని రాయలేదు" అన్నారు.

"దమ్మే కదండీ చేసింది."

"ఆయ్. దమ్మే చేశాను." కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. తర్వాత చెప్పారు. "నలభై ఏళ్లు గడ్డి పెంచానమ్మాయ్. ఆ మూడు రోజులూ మాత్రం వరి పొలం చేశాను. వరికి నీరు నిలవాలి, గరికకి నీరు దిగాలి. ఆ సంగతి నాకు తెలీదా? తెలుసు. తణుకు దగ్గర మా నాన్న పొలంలో పదేళ్లకే దమ్ము చక్రాల వెనకాల నడిచాను. ఆ ఒండ్రు చూసేసరికి నా బుర్ర కంటే చేతులు ముందు కదిలాయి. నీరు నిలిచిన మొదటి రోజే తెలిసింది. నోరు రాలేదు."

అంటే నేల పుట్టుకతో అలాంటిది కాదు. పైన జానెడు మాత్రమే మూసుకుపోయింది, దాని కింద పాత ఇసుక నేలే ఉంది. ఆ పొర పగలగొడితే గ్రౌండు బాగవుతుంది. ఆ సంగతి ఆయన చెబితే తప్ప ఎవరికీ తెలిసే దారి లేదు. చెబితే నలభై ఏళ్ల మేస్త్రీ పేరు పోతుంది. ఇంతలో పిన్నిగారు వచ్చారు, గుమ్మంలో నిలబడి విన్నారు.

"ఊరంతా వరదని తిట్టుకుంటుంటే మధ్యలో మీరెందుకండీ దూరడం? నలభై ఏళ్ల పేరు, మీ నోటితో మీరే తుడిచేసుకుంటారా?"

"పేరేం చేసుకోనే, పెసరట్టు మీద వేసుకుంటానా?"

నేను కూడా పిన్నిగారి వైపే మాట్లాడాను. ఆ మాట దాచను. "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలీదు కదండీ" అన్నాను.

"తెలీదు. అందుకే లారీ స్టాండవుతుంది" అన్నారు. క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

సమావేశానికి నేనూ మావారూ ఆయనతో వెళ్లాం. పిన్నిగారు రాలేదు. హాల్లో వంద మంది దాకా ఉన్నారు. క్లబ్బులో ఆడిన పెద్దమనుషులు ముందు వరసలో కూర్చున్నారు. ఒకాయన పచ్చదనం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. లారీల ఓనర్ల తరఫున ఇంకొకాయన మాట్లాడారు. ఇంజనీరు మేడమ్ చిన్న వయసు అమ్మాయి, లేచి తను చూసింది చెప్పింది. తర్వాత ఎవరైనా మాట్లాడతారా అంటే బాబాయిగారు చెయ్యెత్తారు.

మైకు ఆయన నోటికి దూరంగా ఉంది, అయినా వినబడింది. "మేడమ్ గారు చూసింది నిజమేనండి. నీరు దిగదు. అది నేల తప్పు కాదండి. నేను దమ్ము చేయించాను. తేదీలు ఇందులో ఉన్నాయి." క్యాలెండరు విప్పి చూపించారు. నా చేతిరాత అంతమంది ముందు అలా వేలాడుతుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ముందు వరసలో నుంచి ఒకాయన వెనక్కి తిరిగారు. "ఏంటయ్యా మేస్త్రీ, అంటే మా క్లబ్బు మూయించింది నువ్వా?"

"సగం నేనండి. మిగతా సగం గోదావరి. ఆవిడ మీటింగుకి రాలేదు కాబట్టి ప్రస్తుతానికి నన్నే తిట్టండి."

వెనకాల కొంతమంది నవ్వారు. ముందు వరసలో నవ్వలేదు. ఇంజనీరు మేడమ్ మాత్రం కాగితం మీద ఏదో రాసుకుని అడిగింది. "ఎంత లోతుంటుందండీ ఆ పొర?"

"జానెడమ్మా."

"మీ జానా, నా జానా?"

"మీ జానైతే జానా రెండు వేళ్లు."

కమిషనర్ గారు కూడా నవ్వారు అప్పుడు. ఒక ముక్క బాగుచేసి చూపించడానికి ఇద్దరు మనుషుల్ని ఇస్తామన్నారు. నిర్ణయం వానల తర్వాత అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగాను, కమిటీ వాళ్లు తొందర పెట్టిన సంగతి ఎందుకు చెప్పలేదని. "వాళ్లు చదును చెయ్యమన్నారు. దమ్ము చెయ్యమనలేదు" అన్నారు. అంతకు మించి ఆ విషయం ఎప్పుడూ మాట్లాడలేదు.

పిన్నిగారు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. వీధి చివర టీ కొట్టు దగ్గర కుర్రకారు, "బాబాయ్, గ్రౌండులో ఊడ్పులెప్పుడు?" అని అడిగేవారు. "నువ్వు నారు పోసిన మర్నాడే" అనేవారు ఆయన, సైకిలు ఆపకుండా. మూడో రోజు పిన్నిగారు క్యారేజీ కట్టి ఆయన ముందు పెట్టారు. "పేరు పోయింది కానీ ఆకలి పోలేదుగా. పట్టుకెళ్లండి."

పని ఎలా జరిగిందో నేను రెండుసార్లు వెళ్లి చూశాను. ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ముక్క ఒకటి. అడుగుకొకటి చొప్పున గునపంతో కన్నం పెట్టడం, ఆ పొర దాటి కిందికి దిగేదాకా కొట్టడం, కన్నంలో గోదావరి ఇసుక నింపి కూరడం. కూరకపోతే మట్టి మళ్లీ జారి మూసుకుపోతుందట. గునపం పొరని దాటినప్పుడు చప్పుడు మారుతుంది. బాబాయిగారు కుర్చీ వేసుకుని కూర్చుని, చూడకుండానే, "ఇంకా దిగలేదు, ఇంకో దెబ్బ వెయ్యి" అనేవారు. ఎండ ఎక్కువైతే తప్ప కుర్చీలో ఉండేవారు కాదు, తనే గునపం పట్టేవారు. వద్దండీ అంటే, "ఆ చక్రాలు తిప్పించింది నేనేగా" అనేవారు. అంతా అయ్యాక అంచుల నుంచి గరిక దుబ్బులు తెచ్చి నాటించారు.

ఇంజనీరు మేడమ్ పక్కనే అంతే ముక్కని ముట్టుకోకుండా వదిలేయించింది. రెండింటి చుట్టూ జానెడు గట్టు వేయించింది. బయటి నీరు లోపలికి రాకూడదు, లోపల పడిన వాన లోపలే ఉండాలి. రెండింటిలో ఏది నీరు నిలుపుకుంటుందో చూడాలి. "మనిషి మాటకంటే ఇది మంచి పద్ధతి" అని బాబాయిగారు మెచ్చుకున్నారు. ఆ రోజు మా ఇంటికి వచ్చి నా కుండీల్లో పుల్ల గుచ్చి చూశారు. ఏడాది తర్వాత అదే మొదటిసారి. కరివేపాకుకి నీళ్లెక్కువయ్యాయని తిట్టారు.

ఇక వాన కోసం చూడడమే మిగిలింది. ఈ ఏడు వాన ఆలస్యమైంది. రోజూ పొద్దున్నే కాఫీ పట్టుకుని వరండాలోకి వచ్చి పడమర వైపు చూసేవారు. ఒకటి రెండు జల్లులు పడ్డాయి, అవి నేల తడపడానికే చాలలేదు. "గట్టి వాన ఒక్కటి చాలమ్మాయ్, ఒక్కటి" అనేవారు. అది రాకముందే మంగళవారం వచ్చింది.

పెద్దకర్మకి ఇంజనీరు మేడమ్ వచ్చింది. భోజనానికి కూర్చోమంటే కూర్చుంది, పిన్నిగారి పక్కన. కౌన్సిల్లో ఇంకా ఏమీ తేలలేదని, లారీ స్టాండు కాగితం కూడా అలాగే ఉందని దాచకుండా చెప్పింది. పిన్నిగారు విని, "వాన పడనీ అమ్మా" అన్నారు. అంతే.

పెద్దకర్మ అయిన నాలుగో రోజు పడింది వాన. మధ్యాహ్నం మొదలై చీకటి పడేదాకా ఆగలేదు. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి పిన్నిగారు గొడుగు పట్టుకుని మా గుమ్మంలో ఉన్నారు.

"గ్రౌండుకి వెళ్దాం పద."

"ఇప్పుడా పిన్నిగారూ? ఇంకా నెల కూడా కాలేదు. ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో."

"గ్రౌండుకే కదే. పేరంటానికా?"

ఆటో గట్టు దాకా వెళ్లింది. పిన్నిగారు ఆ గ్రౌండులోకి దిగడం అదే మొదటిసారి. నలభై ఏళ్లు ఆయన కోసం అక్కడికి క్యారేజీలు పంపారు కానీ ఎప్పుడూ వెళ్లలేదట. గట్టు మీద నుంచి చూస్తే గ్రౌండంతా నీరు. పాదం మునిగేంత ఒకచోట, చీలమండ దాకా ఒకచోట. కొంగలు తిరుగుతున్నాయి. ఇంజనీరు మేడమ్ అప్పటికే వచ్చింది, ముట్టుకోని ముక్కలో స్కేలు పెట్టి నీటి లోతు రాసుకుంటోంది. మమ్మల్ని చూసి చేత్తో పక్క ముక్కని చూపించింది.

నేను గట్టు మీదే ఆగాను. పిన్నిగారు చెప్పులు నా చేతికిచ్చి నీళ్లలోకి దిగారు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకోవడం మర్చిపోయారు, అవి తేలుతూ ఆవిడ వెనకాలే వెళ్లాయి. ఆయన గునపం వేసిన ముక్క గట్టు దాటి లోపల నిలబడ్డారు. అక్కడ నీరు లేదు. గరిక పచ్చగా వేళ్లు పట్టి ఉంది. ఆవిడ వంగి ఆ ముక్క మీద అరచెయ్యి ఆనించారు. తర్వాత లేచి, తడిసిన చీర అంచు రెండు చేతులతో పట్టుకుని పిండారు. నీరు ధారగా గడ్డి మీద పడింది, పడినది పడినట్టే కిందికి దిగిపోయింది. అది చూసి ఆవిడ ఇంకో మడత పట్టుకుని మళ్లీ పిండారు.